సగటు, మధ్యగతం, బాహుళకం: ఆన్సర్ ఎక్కడ తేడా కొడుతోంది?

సాంఖ్యక శాస్త్రం చాప్టర్‌లో ఫార్ములాలు అందరికీ నోటికొచ్చు, అయినా మార్కులు పోతాయి, ఎందుకంటే సగటులో చాలావరకు దెబ్బ పడేది దేంతో భాగించాలి అన్న దగ్గర.

సమస్య: సగటు మరీ పెద్దగా వచ్చింది

10 మార్కుల స్లిప్ టెస్ట్ అనుకోండి. ఇద్దరికి 5, పది మందికి 6, ఆరుగురికి 7, ఇద్దరికి 8 వచ్చాయి. మార్కుల్ని మందితో గుణించి కూడితే 128, దాన్ని 4తో భాగించి 32 అని రాసేస్తారు. పదికి ముప్పై రెండేంటి బాబూ! టేబుల్లో 4 వరసలు ఉన్నాయని 4 తీసుకున్నారు, కానీ పరీక్ష రాసింది 20 మంది, సో 128ని 20తో భాగిస్తే 6.4. సగటు ఎప్పుడైనా అతి చిన్న విలువకీ అతి పెద్ద విలువకీ మధ్యలోనే పడాలి, పడకపోతే తప్పు జరిగినట్టే. అసలు డేంజర్ ఏంటంటే 5, 6, 7, 8 కూడేసి 4తో భాగించినా 6.5 వస్తుంది, చూడ్డానికి కరెక్ట్‌గానే ఉంటుంది కాబట్టి ఎవరికీ డౌట్ కూడా రాదు.

సమస్య: రెండు సెక్షన్ల సగటు కలపట్లేదు

ఏ సెక్షన్ 40 మంది, సగటు 60. బీ సెక్షన్ 20 మంది, సగటు 75. రెండూ కలిపి సగం చేసి 67.5 అంటారు. మంది సమానంగా ఉంటేనే అది చెల్లుతుంది. ముందు మొత్తాలు తీయండి: 2400, 1500, కలిపితే 3900, 60తో భాగిస్తే 65.

క్రికెట్ పిచ్చోళ్ళకి ఇదే డౌట్ ఇంకోలా వస్తుంది, బ్రాడ్‌మన్ టెస్టుల్లో 80 ఇన్నింగ్స్‌లో 6996 రన్స్ కొట్టాడు, భాగిస్తే 87.45 వస్తోంది కదా మరి 99.94 అంటారేంటి అని. అక్కడ భాగించేది ఎన్నిసార్లు అవుటయ్యాడో దాంతో. 10 సార్లు నాటౌట్, అవుటైంది 70 సార్లే.

సమస్య: మధ్యగతం తప్పొస్తోంది

7, 3, 9, 4, 12లో మధ్యలో ఉంది కదా అని 9 రాస్తారు. ఆరోహణ క్రమంలో పెట్టకపోవడమే కారణం. పెడితే 7.

తరగతులున్న లెక్కల్లో అయితే వేరే గొడవ. 0-10 నుంచి 40-50 వరకు పౌనఃపున్యాలు (ఒక్కో తరగతిలో ఎన్ని విలువలున్నాయో ఆ సంఖ్యలు) 5, 8, 12, 10, 5 అనుకుందాం. మొత్తం 40, సగం 20, సంచిత పౌనఃపున్యాలు (పైనుంచి ఒక్కోటీ కూడుకుంటూ పోతే వచ్చేవి) 5, 13, 25, 35, 40, ఇందులో 20ని మొదట దాటేది 25 కాబట్టి మధ్యగత తరగతి 20-30. ఇప్పుడు ఫార్ములాలో చాలామంది అదే వరసలోని 25 పెట్టేస్తారు, ఆన్సర్ 15.83 వస్తుంది, అంటే తీసుకున్న తరగతిలోనే లేదు! పెట్టాల్సింది దాని పై వరసలోని 13. 20లోంచి 13 పోతే 7, దాన్ని ఆ తరగతి పౌనఃపున్యం 12తో భాగించి, తరగతి పొడవు 10తో గుణించి, దిగువ హద్దు 20కి కలిపితే 25.83.

సమస్య: బాహుళకం తప్పని కొట్టేశారు

6, 7, 7, 8, 7, 9లో 7 మూడుసార్లు వచ్చిందని ఆన్సర్ 3 రాస్తే పోయినట్టే, బాహుళకం అంటే ఎక్కువసార్లు వచ్చిన విలువ, అంటే 7. ఏ విలువా రిపీట్ కాకపోతే 'బాహుళకం లేదు' అని రాయండి, 0 అని మాత్రం పెట్టకండి, 0 అంటే దత్తాంశంలో సున్నాలే ఎక్కువున్నాయని అర్థమొస్తుంది.