సంపులో బ్లీచింగ్ వేసే ముందు అడుగు బురద తీయండి

మన తిరుపతికి కుళాయి నీళ్లు కళ్యాణి డ్యామ్ నుంచి, కండలేరు మీదుగా వచ్చే తెలుగుగంగ నుంచి వస్తాయి కదా, వానలు పడినప్పుడు డ్యామ్ నీళ్లలోకి ఆకులు అలములు, మట్టి కొట్టుకొస్తాయి. ఆ కుళ్లిన ఆకుల సారం, క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు అనే కెమికల్స్ తయారవుతాయి, ఎండలు ముదిరితే, నీళ్లు రోజుల తరబడి నిలవుంటే ఇంకా ఎక్కువ. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినోళ్లకి మూత్రాశయం క్యాన్సర్ రిస్క్ పెరగొచ్చని స్టడీలున్నాయి. అట్లని క్లోరిన్ మాత్రం మానేయొద్దు, దయచేసి. క్లోరిన్ లేకపోతే కలరా, టైఫాయిడ్, కామెర్లు రావడానికి అన్నేళ్లు ఆగవు.

ముందు సంపు ఖాళీ చేసి బురద ఎత్తేసి, గోడల పాచి గీకి కడగండి. చాలా ఇళ్లల్లో బురద అట్లనే పెట్టి గుప్పెళ్లతో బ్లీచింగ్ చల్లేస్తారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే క్లోరిన్ అంతా ఆ బురదకే ఖర్చయిపోయి క్రిములు బతికే ఉంటాయి, పైగా ఈ కెమికల్స్ పుడతాయి.

తర్వాత క్లోరిన్ కిట్‌తో టెస్ట్ చేయండి. లీటరుకి 0.2 మిల్లీగ్రాములు చూపిస్తే ఇంకేం కలపొద్దు. బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో అయ్యి క్లోరిన్ లేకపోతే 1000 లీటర్లకి 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగినాక పై తేట మాత్రమే పోసి గంట ఆగి, మళ్లీ టెస్ట్ చేసుకోండి.

తాగే నీళ్లు మూత తీసి, కిటికీ తెరిచి కాసేపు తెర్లనివ్వండి, క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి చాలావరకు పోతుంది. హాలోఎసిటిక్ యాసిడ్లని ఇంకో రకం ఉన్నాయి, అవి అట్లా ఎగిరిపోవు, వాటికి మంచి కార్బన్ ఫిల్టర్ ఉండాలి, కాట్రిడ్జ్ టైముకి మార్చాలి. ఫిల్టర్ అయిన నీళ్లలో క్లోరిన్ ఉండదు, రోజుల తరబడి బిందెలో పెట్టుకోవద్దు.

ల్యాబ్‌కి శాంపిల్ ఇస్తే ట్రైహాలోమీథేన్స్ చూడమని విడిగా అడగండి, మామూలు టెస్టులో ఫ్లోరైడ్, హార్డ్‌నెస్, బ్యాక్టీరియా లాంటివే చూస్తారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరోఫాం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు, అమెరికాలో నాలుగు రకాల ట్రైహాలోమీథేన్లూ కలిపే 0.08. ఇంట్లో ఉండే టీడీఎస్ మీటర్‌కి ఇవేమీ దొరకవు.