సేవా కార్యకర్తల స్టేటస్‌లు: సంస్థ ముందే రాసుకోవలసిన నియమాలు

బాలల గృహం నడిపేదైనా, రక్తదాన శిబిరాలు పెట్టేదైనా, వరదల్లో సాయానికి వెళ్లేదైనా, ఏ సేవా సంస్థకైనా అధికారిక ఫేస్‌బుక్ పేజీ వల్ల వచ్చే చిక్కులు తక్కువే. దాన్ని చూసుకునేది ఒకరిద్దరే కాబట్టి ఏదైనా పెట్టే ముందు ఒకరినొకరు అడుగుతారు. ఇబ్బంది వచ్చేది సొంత ఫోన్లతోనే. పిల్లలకు బట్టలు పంచిన సాయంత్రానికే ఆ పిల్లల ముఖాలు కార్యకర్తలందరి వాట్సాప్ స్టేటస్‌లలోకి చేరిపోతాయి. అందువల్ల నియమాలు రాసేటప్పుడు సంస్థ పేజీతో కాక, కార్యకర్త సొంత ఫోనుతో మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఫోటోల మీద. సరుకుల సంచి చేతికి అందిస్తూ "ఒక ఫోటో తీసుకోమంటారా" అని అడిగితే, వద్దనే ధైర్యం ఆ క్షణంలో ఎవరికీ ఉండదు. అలా వచ్చిన ఒప్పుకోలును అనుమతిగా లెక్కపెట్టకూడదు. ముందు సాయం అందించి, ఆ పని పూర్తయ్యాక, ఫోటో ఎక్కడ పెడతారో, ఎవరెవరు చూసే అవకాశం ఉందో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, వద్దన్నా సాయం ఆగదని స్పష్టం చేసిన తరువాతే అడగాలి. తరువాత మనసు మారితే తీసేయమని చెప్పడానికి ఒక ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి. నిజానికి చాలా సందర్భాల్లో సాయం తీసుకునేవారి ముఖం అవసరమే లేదు. బియ్యం బస్తాలు దించుతున్న దృశ్యం, వంటశాలలో గిన్నెలు, పడవ నడుపుతున్న కార్యకర్త వీపు చూపించినా జరిగిన పని దాతలకు అర్థమవుతుంది.

పిల్లల విషయంలో ఇది మర్యాదతో ఆగదు, చట్టం దాకా వెళుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలల కేసులకూ, నేరాల్లో బాధితులో సాక్షులో అయిన బాలల కేసులకూ సంబంధించిన సమాచారంలో వారి పేరు, చిరునామా, చదివే బడి, ఫోటో, గుర్తుపట్టడానికి వీలిచ్చే మరే వివరమూ బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముఖాన్ని మసకబారిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. బడి యూనిఫాం, వెనకనున్న బోర్డు, పక్కన నిలబడ్డ అన్న ముఖం, "మా ఊరి పాప" అన్న వ్యాఖ్య, వీటిలో ఏ ఒక్కటైనా ఆ ఊరివారికి చాలు. ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే, తీసిన చోటు వివరాలు ఫైల్లో అలాగే వెళ్లిపోవచ్చు కాబట్టి కెమెరాలో లొకేషన్ ఆపి ఉంచుకోవాలి.

పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం వచ్చినప్పుడు ఆవేశంతో పోస్టు పెట్టడం ఫిర్యాదు చేయడం కాదు. లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి కూడా సాయం కోరవచ్చు. అలాగే ఏ కార్యకర్తా పిల్లలతో విడిగా చాటింగ్ చేయకూడదు, వారికి ఫ్రెండ్ రిక్వెస్టులు పంపకూడదు. సమాచారం చెప్పవలసి వస్తే ఇద్దరు పెద్దలు ఉన్న గ్రూపులోనే చెప్పాలి.

రక్తం కావాలన్న సందేశంలో రక్తం గ్రూపు, ఆసుపత్రి, తేదీ, సమయం, సంస్థ సమన్వయకర్త నంబరు ఉంటే చాలు. రోగి పేరు, జబ్బు, ఇంటివారి నంబరు రాస్తే అవి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అవసరం తీరగానే "తీరింది" అని అదే గ్రూపుల్లో రాయడం కూడా పోస్టు పెట్టినవారి బాధ్యతే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పటి వంటి రోజుల్లో, తేదీ లేని పాత విన్నపం పడవను ఖాళీ ఇంటికి పంపించగలదు. ఆ సమయంలో మరో ఇంటి మేడ మీద నిజంగానే ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

విరాళాలకు సంస్థ ఖాతా క్యూఆర్ కోడ్ తప్ప కార్యకర్తల సొంత యూపీఐ నంబర్లు పెట్టకూడదు, ఎంత నమ్మకస్థులైనా సరే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న బంధువులకు విన్నపం పంపేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు; అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దానికి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. సంస్థ పేరుతో దొంగ ఖాతా తెరిచి ఎవరైనా వసూళ్లు చేస్తుంటే స్క్రీన్‌షాట్లు దాచి, డబ్బు పోయినవారిచేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాలి.

రాజకీయాలూ మతమూ మాట్లాడవద్దని సిబ్బంది నోరు కట్టేయడం నా దృష్టిలో సరికాదు, ఆచరణలో నిలవదు కూడా. సంస్థ టీషర్టు, గుర్తింపు కార్డు, వాహనం కనిపించే ఫోటోతో పార్టీ ప్రచారం చేయవద్దని మాత్రం కచ్చితంగా అడగవచ్చు. "అభిప్రాయాలు నా సొంతం" అని ప్రొఫైల్‌లో రాసుకున్నంత మాత్రాన, ఆ టీషర్టు చూసినవారు సంస్థను విడిగా చూడరు.

పొరపాటున పెట్టకూడనిది పెట్టినప్పుడు ముందు తీసేసి, వెంటనే సమన్వయకర్తకు చెప్పాలి. ఎవరి ఫోటో అయితే వెళ్లిందో ఆ కుటుంబానికి సంస్థే తెలియజేయాలి. ఇలా తానుగా చెప్పినవారిని గ్రూపులో అందరి ముందు మందలిస్తే, తరువాతి పొరపాటు ఎవరూ చెప్పరు.

ఈ నియమాలు తెలుగులో ఒక పేజీకి మించకుండా రాసి, గుర్తింపు కార్డు ఇచ్చే రోజునే చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సంస్థ ఖాతాలకు సంస్థ సిమ్మునే వాడి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఎవరైనా సంస్థ వదిలి వెళ్లిన రోజే వారిని అడ్మిన్‌గా తొలగించి, పాస్‌వర్డు మార్చి, వారి ఫోనులో మిగిలిన లబ్ధిదారుల ఫోటోలను వారి ఎదుటే తీసేయించాలి.