పాత ఆంప్ దొరికిందా? ప్లగ్ పెట్టకుండా ఒక్క నిమిషం ఆగండి

అటక మీద 1970ల నాటి ఆంప్లిఫయర్ కనబడగానే అందరం చేసే పని ఒకటే, దుమ్ము దులిపి స్విచ్ వేయడం. నేనూ అలాగే వేశాను, టప్పున ఫ్యూజు పోయింది, ఏదో అదృష్టం బావుండి దాంతోనే ఆగింది.

ఏళ్ల తరబడి కరెంటు చూడని పెట్టెలో ముందుగా నీరసించేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (ఛార్జి నిలవ ఉంచుకునే చిన్న డబ్బాల్లాంటి భాగాలు). ఒక్కసారిగా పూర్తి వోల్టేజి తగిలితే అవి షార్టయ్యి పక్కవాటిని కూడా తీసుకుపోతాయి. అందుకే వెనక వోల్టేజి 110కా 230కా అని చూసుకుని, స్పీకర్లు తగిలించకుండా, ఫేజ్ వైరుకు సిరీస్‌లో (కరెంటు బల్బు గుండానే ఆంప్‌కి వెళ్లేలా) ఒక 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి (ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు). బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారిందా, మంచిదే. గట్టిగా వెలుగుతూనే ఉందా, లోపల ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. అంతా సరిగ్గా ఉంటే బల్బు తీసేసి నేరుగా కరెంటిచ్చి, కొన్ని నిమిషాలాగి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో డీసీ వోల్టేజి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు, వోల్టుల్లో కనిపిస్తే మాత్రం స్పీకర్ పెట్టొద్దు, కాయిల్ కాలిపోతుంది.

ఇదంతా ట్రాన్సిస్టర్ ఆంప్‌ల సంగతి. వాల్వులదైతే (గాజు గొట్టాలతో పనిచేసే రకం) లోపల వందల వోల్టులుంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో మిగిలే ఉంటాయి, తెలిసినవాళ్ల చేతిలో పెట్టండి.

ఇక శబ్దం. పాత సెట్టు బాగా పలకట్లేదంటే భాగాలన్నీ మార్చేయాలని కొందరు కంగారుపెడతారు గానీ, నేను చూసినంతలో సగం రోగాలకు కారణం మురికే. వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందా, ఒక పక్క స్పీకర్ ఉండుండి ఆగిపోతోందా? ప్లగ్ తీసేసి, నాబ్ వెనకున్న పొటెన్షియోమీటర్‌ సందులోకి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ముప్పైసార్లు తిప్పండి. సెలెక్టర్ స్విచ్‌లకూ ఇదే వైద్యం. తలుపు బందులకు వాడే స్ప్రే మాత్రం కొట్టకండి, నేను కొట్టాను, రెండు రోజులు బ్రహ్మాండంగా ఉండి మూడో రోజుకి జిడ్డుపట్టి మొదటికంటే ఘోరమైంది.

గుయ్‌మనే హమ్ వస్తుంటే వాల్యూమ్ సున్నాకు తెచ్చి వినండి. అప్పుడూ అంతే ఉంటే పవర్ సప్లై కెపాసిటర్ల మీద అనుమానపడాలి. వాల్యూమ్‌తో పాటు పెరుగుతుంటే తప్పు చాలావరకు బయటి నుంచే వస్తుంటుంది, కేబుల్ కావచ్చు, టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్) ఎర్త్ తీగ ఊడిపోయి ఉండొచ్చు. చిన్న తీగే, దాని కోసం గంటలు వెతికినవాళ్లున్నారు.

స్పీకర్ జాలీ తీసి కోన్ చుట్టూ ఉన్న అంచుని వేలితో తాకండి. ఫోమ్ అయితే ఇరవయ్యేళ్లు దాటేసరికి అటుకుల్లా రాలిపోతుంది, అప్పుడు స్పీకర్ మార్చక్కర్లేదు, ఆ అంచు ఒక్కటే కొత్తది అతికించుకోవచ్చు. రబ్బరు, గుడ్డ అంచులు ఎక్కువకాలం నిలుస్తాయి.

రికార్డ్ ప్లేయర్‌లో ముల్లు ముఖ్యం. అరిగిన ముల్లు బాగా పలకకపోవడమే కాదు, రికార్డు గాడినే కోసేస్తుంది, కాబట్టి మామూలు ముల్లుని ఐదారు వందల గంటలు వాడాక భూతద్దంలో పరీక్షించండి. ముల్లు రికార్డు మీద మోపే బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదనుకుంటారు, కానీ మరీ తగ్గిస్తే ముల్లు గాడిలో ఎగిరెగిరి ఇంకా పాడుచేస్తుంది. కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) తయారీదారు చెప్పిన గ్రాములే పెట్టండి. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డులను స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. క్యాసెట్ డెక్ హెడ్‌కి మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్ల చాలు.

అన్నీ అయ్యాక దాన్ని అద్దాల బీరువాలో బొమ్మలా దాచకండి, పైన గాలాడనివ్వండి, నెలకోసారైనా ఓ గంట పాట పెట్టండి, కరెంటు తగులుతుంటేనే ఆ కెపాసిటర్లు సత్తువ నిలుపుకుంటాయి.