యెస్ బ్యాండ్ ఆల్బమ్స్‌లో మీ ఫేవరెట్ ఏదో తేల్చుకోవడం ఎలా

యెస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ సంగతి వచ్చి "యెస్‌లో నీ ఫేవరెట్ ఆల్బమ్ ఏది" అని అడిగితే చాలామంది టక్కున క్లోజ్ టు ది ఎడ్జ్ అనేస్తారు. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పా, ఎందుకంటే ఆ పేరు చెప్తే ఎవరూ వాదనకి రారు. ఒకసారి ఒక ఫ్రెండ్ "అవునా, అయితే అందులో రెండో పాట మొదలు కాస్త కూనిరాగం తియ్యి" అన్నాడు. నోరు తెరిచా, ఏం రాలేదు. అదే గోయింగ్ ఫర్ ది వన్‌లో చివరి పాట మొదట్లో వచ్చే పియానో అయితే అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా లాగించేస్తా. అంటే ఇన్నాళ్లూ నేను చెప్తూ వచ్చింది గొప్ప ఆల్బమ్ పేరు, నా ఆల్బమ్ పేరు కాదన్నమాట. ఈ రెండూ విడదీసుకోవడమే అసలు పని.

ముందు ఎన్ని వినాలో చూద్దాం. 1969 నుంచి ఇప్పటిదాకా స్టూడియో ఆల్బమ్సే 20 దాటాయి, అన్నీ వరసగా వింటా అని కూర్చుంటే సగంలో విసుగొచ్చి బ్యాండ్ మీదే కోపం వస్తుంది. 1971లో వచ్చిన ది యెస్ ఆల్బమ్, ఫ్రాజైల్, 1972 క్లోజ్ టు ది ఎడ్జ్, 1973 చివర్లో వచ్చిన టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్, 1974 రీలేయర్, 1977 గోయింగ్ ఫర్ ది వన్, ఈ ఆరూ తప్పనిసరి. వీటి తర్వాత 1980లో వచ్చిన డ్రామా, 1983లో వచ్చిన 90125 అనే ఆల్బమ్ కూడా వినండి, ఎందుకో తర్వాత చెప్తా. మొదటి రెండు ఆల్బమ్స్ ఇప్పటికి పక్కన పెట్టినా నష్టం లేదు, గిటారిస్ట్ స్టీవ్ హౌ అప్పటికింకా రాలేదు.

ఇప్పుడు ఫోన్‌లో షఫుల్ ఆపేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఫ్రాజైల్‌నే తీసుకోండి, అందులో బ్యాండ్ గాయకుడు జాన్ ఆండర్సన్ తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి పాడిన చిన్న ముక్క ఒకటుంది, దాని చివర్లో తలుపు ధడేల్‌మని పడుతుంది, ఎవరో పరిగెడుతున్న అడుగుల చప్పుడు, ఆ వెంటనే గాలి హోరు, ఆ హోరులోంచే తర్వాతి పాట లేస్తుంది. అక్కడితో అయిపోలేదు, ఆల్బమ్ చివరి పాట హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్ అయిపోయాక ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత తలుపు తెరుచుకుని ఇందాకటి పాటే మళ్లీ వినిపిస్తుంది. షఫుల్‌లో వినేవాళ్లకి ఈ తలుపు సంగతి జన్మలో తెలీదు. ఇంకోటి, ఇప్పుడు దొరికే ఎడిషన్లలో చివర బోనస్ ట్రాకులు తగిలిస్తారు, అవి ఆల్బమ్‌లో భాగం కావు, అసలు ఆల్బమ్ ఎక్కడ అయిపోతుందో చూసుకుని అక్కడ ఆపండి.

ఈ ఆల్బమ్స్ ఎల్పీ రికార్డుల కోసం చేసినవి, ఒక వైపు అంటే సుమారు 20 నిమిషాలు. కాబట్టి ఒక్కో కూర్చోడానికి ఒక్కో వైపు వినండి, చాలు. క్లోజ్ టు ది ఎడ్జ్‌లో మొదటి వైపు మొత్తం ఒక్కటే పాట, 18 నిమిషాలు దాటుతుంది, రెండో వైపు రెండు పాటలు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి లెక్కలో వెతికితే ఏమీ దొరకదు. మొదట పక్షుల కూతలు, నీళ్ల చప్పుడు, అలా నెమ్మదిగా పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా నలుగురు వాయించేవాళ్లూ ఎవరికి వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడిపోతున్నట్టు మొదలెడతారు, ఆ గోలంతా మధ్యలో "ఆ" అని గొంతులు కలిసిన చోట తెగినట్టు ఆగిపోతుంది, మళ్లీ అందుకుంటుంది. మొదటిసారి నాకు ఫోన్ పాడైందేమో అనిపించింది. అదంతా దాటి పాట మధ్యలోకి వెళ్తే ఏ తాళమూ లేనట్టు మెల్లగా తేలే భాగం వస్తుంది, దాని మీద కీబోర్డ్స్ వాయించే రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్ విరుచుకుపడుతుంది. ముందున్న ఆ గోల భరించినవాళ్లకే ఆ ఆర్గన్ విలువ తెలుస్తుంది.

ఒక్కో ఆల్బమ్‌నీ కనీసం మూడుసార్లు వినాలి. మొదటిసారి ఏం పట్టించుకోకండి, అలా పోనివ్వండి. రెండోసారి ఒక్క బేస్‌నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. బేస్ అంటే వెనకాల గుడగుడమనేది అనుకుంటాం కదా, క్రిస్ స్క్వైర్ వాయించే రికెన్‌బ్యాకర్ బేస్ గిటార్ అలా ఉండదు, ముందుకొచ్చి గరగరమంటూ గిటార్‌తో పోట్లాడుతుంది. ఈ బ్యాండ్‌లోకి వచ్చిన వాళ్లూ పోయిన వాళ్లూ బోలెడుమంది, 2015లో చనిపోయేదాకా ప్రతి యెస్ ఆల్బమ్‌లోనూ ఉన్నది మాత్రం స్క్వైర్ ఒక్కడే, కాబట్టి ఆ బేస్ దారం పట్టుకుంటే ఏ ఆల్బమ్‌లోనూ తప్పిపోరు. మూడోసారి మీకు నచ్చినట్టు వినండి, కీబోర్డ్స్ ఇష్టమైతే కీబోర్డ్స్. డ్రమ్స్ ఇష్టమైతే 1972 దాకా బిల్ బ్రూఫర్డ్, తర్వాత అలన్ వైట్, ఇద్దరి దెబ్బకీ తేడా మీకే తెలిసిపోతుంది, ఒకాయన కొలిచి కొడతాడు, ఇంకొకాయన బరువుగా కొడతాడు. చాలామంది ఫేవరెట్ నిజానికి ఇక్కడే తేలిపోతుంది, వాళ్లకి తెలీకపోయినా.

టేల్స్ దగ్గరకొచ్చేసరికి మాత్రం మనసు గట్టి చేసుకోండి. డబుల్ ఆల్బమ్, నాలుగు వైపులు, నాలుగే పాటలు, మొత్తం 80 నిమిషాల పైనే. 1973లో జపాన్ టూర్‌లో ఉన్నప్పుడు ఆండర్సన్ పరమహంస యోగానంద ఆత్మకథ చదువుతూ అందులో ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగిపోయాడట, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని శాస్త్రాలు నాలుగు రకాలు అని ఉంది అందులో, అంతే, ఒక్కో రకానికి ఒక్కో వైపు. మనం ఈ నాలుగు మాటలూ చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం కదా, శ్రుతి అనగానే సంగీతంలో శ్రుతి గుర్తొచ్చి నేను మొదటి వైపులో ఏదో సంబంధం ఉంటుందని తెగ వెతికా, అలాంటిదేం లేదు. వేక్‌మన్‌కే ఈ ఆల్బమ్ నచ్చలేదు, సాగదీశారని ఓపెన్‌గానే చెప్తూ వచ్చాడు, దీని టూర్ అయ్యాక బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు కూడా. నా మాట అడిగితే మొదటి వైపూ నాలుగో వైపూ బంగారం, మధ్యలో రెండూ ఓపికని బట్టి. కానీ దీన్నే ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు, వాళ్లతో వాదించి లాభం లేదు, 80 నిమిషాలు కూర్చుని మళ్లీ మళ్లీ విన్నారంటే వాళ్లది నిజమైన ఇష్టమే.

రీలేయర్ దీనికి పూర్తి ఎదురు. వేక్‌మన్ బదులు పాట్రిక్ మొరాజ్, మొదటి వైపంతా యుద్ధం మీద ఒకే పాట, ఆ యుద్ధం చప్పుళ్ల కోసం పాత కార్ల పార్టులు తెచ్చి వాటిని కొట్టి రికార్డ్ చేశారు, హెడ్‌ఫోన్స్‌లో వింటే ఇనుము ఇనుముకి తగిలిన మోత తెలుస్తుంది. అదంతా అణిగిపోయాక చివర్లో స్టీల్ గిటార్ మీద ఒక మెత్తటి పాట వస్తుంది. దాన్ని విడిగా ప్లేలిస్ట్‌లో పెట్టుకునేవాళ్లున్నారు గానీ వద్దు, ఆ యుద్ధం లేకుండా అది ఉత్త మెలొడీ.

ఇక డ్రామా, 90125 ఎందుకన్నానంటే, మీకు నచ్చింది బ్యాండా ఆండర్సన్ గొంతా అనేది వీటితో తేలుతుంది. డ్రామాలో ఆండర్సన్ లేడు, ట్రెవర్ హార్న్ పాడాడు, అయినా మీకు నచ్చిందంటే మీరు స్క్వైర్, హౌ మనిషి అన్నమాట. 90125లో ఆండర్సన్ ఉన్నాడు, హౌ లేడు, అందులో ఒక పాట 1984లో అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆ ఆల్బమ్‌ని ఫేవరెట్ అని చెప్పడానికి కొంతమంది సిగ్గుపడతారు, ఎందుకో నాకు అర్థం కాదు, నచ్చితే నచ్చిందని చెప్పండి. అన్నట్టు 90125 అనే పేరుకి గూఢార్థం ఏమీ లేదు, రికార్డ్ కంపెనీ క్యాటలాగ్ నంబర్, అంతే.

ఇప్పుడు తేల్చుకోవడం. పెద్ద పాట ఎంత గొప్పగా ఉందో చూడకండి, ప్రతి ఆల్బమ్‌లోనూ ఒక గొప్ప పాట ఉంది, దాంతో ఏదీ తేలదు. రెండే చూడండి. ఒకటి, ఎక్కడో ఏదో పని చేసుకుంటుంటే ఒక పాట బుర్రలో తిరిగి అయిపోతుంది కదా, అది అవ్వగానే తర్వాతి పాట దానంతటదే మొదలవుతోందా లేదా. అవుతోందంటే మీ బుర్రలో ఉన్నది పాట కాదు, ఆల్బమ్. రెండోది, ఆ ఆల్బమ్‌లో మీకు అన్నిటికన్నా తక్కువ నచ్చిన పాట రాగానే చెయ్యి స్కిప్ వైపు వెళ్తోందా లేదా చూసుకోండి. ఫ్రాజైల్‌లో నాకు సగానికి పైగా ఇష్టం, కానీ వేక్‌మన్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బ్రామ్స్‌ని కీబోర్డ్స్ మీద వాయించిన ముక్క రాగానే ప్రతిసారీ వేలు లేస్తుంది, అక్కడే ఫ్రాజైల్ నా లిస్ట్‌లోంచి జారిపోయింది.

గోయింగ్ ఫర్ ది వన్‌లో ఉన్నవి అయిదే పాటలు, ఒక్క దాని మీదా వేలు లేవలేదు. చివరి పాట అవేకెన్ 15 నిమిషాలు, వేక్‌మన్ తిరిగొచ్చి వాయించాడు, స్విట్జర్లాండ్‌లో వెవే అనే ఊళ్లో చర్చి ఆర్గన్ దగ్గర ఆయన కూర్చుంటే మిగతావాళ్లు మాంట్రూ స్టూడియోలో, మధ్యలో టెలిఫోన్ లైన్, అలా రికార్డ్ చేశారు. ఇది తెలియకముందే నాకు ఆ ఆర్గన్ చాలా దూరం నుంచి వస్తున్నట్టు అనిపించేది, తెలిసి అనిపిస్తోందా తెలియక అనిపించిందా అని ఇప్పుడు డౌట్.

రెండు ఆల్బమ్స్ సమానంగా వస్తే ఓ నెల రెండూ ముట్టుకోకండి, ముందు దేని మీదకి మనసు పోతే అది. టోర్మాటో అనే ఇంకో యెస్ ఆల్బమ్ వైపు పోయినా పర్లేదు, కవర్ మీద టొమాటో పగలగొట్టిన ఫొటో ఉంటుంది, నవ్వేవాళ్లు నవ్వుతారు, అందులో స్క్వైర్ రాసిన ఆన్‌వర్డ్ అనే పాట ఒక్కసారి వినిపించండి వాళ్లకి.