ఓటమి లెక్క చదవడం – నాలుగో పాఠం

గత పాఠంలో సీట్లనూ ఓట్ల శాతాన్నీ విడివిడిగా చూడడం నేర్చుకున్నాం. ఈసారి వాటి పక్కన మూడో అంకె చేర్చండి: పార్టీ ఎన్ని చోట్ల పోటీ చేసింది? ఫలితాల మర్నాడు వచ్చే విశ్లేషణల్లో తరచూ మాయమయ్యేది ఈ అంకే.

స్వతంత్ర పార్టీని తీసుకుందాం. కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయ తీర్మానం చేసిన 1959లోనే, దాన్ని వ్యతిరేకిస్తూ పుట్టింది. రాజాజీ పెద్దదిక్కు, మన ఆచార్య రంగా తొలి అధ్యక్షుడు. రైతు భూమి రైతుదే, పర్మిట్లూ లైసెన్సుల పెత్తనం పోవాలి, ప్రభుత్వం తన హద్దులో తాను ఉండాలి అన్నవి మూలసూత్రాలు. 1967లో 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. ఓట్లు 8.67 శాతం. 1971లో 8 సీట్లు, 3.07 శాతం. ఈ మితవాదాన్ని (రైట్‌వింగ్ ఆలోచనను) జనం తిప్పికొట్టారని తీర్పు చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు మూడో అంకె చూడండి. 1967లో 178 మంది అభ్యర్థులు, 1971లో 59 మందే. రెండుసార్లూ దేశమంతటా చెల్లిన ఓట్లు 14.6 కోట్ల దరిదాపులే. శాతాన్ని ఓట్లుగా మార్చి, అభ్యర్థుల సంఖ్యతో కాగితం మీద భాగించి చూడండి: అభ్యర్థికి సగటున 71 వేల ఓట్లు వచ్చినచోట 76 వేలు వచ్చాయి. తగ్గలేదు, పెరిగాయి!

సంబరపడకండి. 1971లో పార్టీ ఇందిరా గాంధీకి వ్యతిరేకంగా కట్టిన మహాకూటమిలో ఉంది. సంస్థా కాంగ్రెస్ (1969 చీలికలో ఇందిరకు ఎదురు నిలిచిన కాంగ్రెస్ వర్గం), జనసంఘ్, సంయుక్త సోషలిస్టు పార్టీ దాని మిత్రులు. కాబట్టి ఆ 76 వేలలో మిత్రుల ఓట్లూ కలిసే ఉంటాయి. పైగా 1967లో నలుగురిలో ఒకరు గెలిస్తే, ఈసారి ఏడుగురిలో ఒకరే గెలిచారు. అంటే ఈ లెక్క పార్టీ బలం నిలిచిందని చెప్పదు, సిద్ధాంతం చచ్చిందనీ చెప్పదు. తొందరపాటు తీర్పును మాత్రం ఆపుతుంది.

అంకెలు ఇంతవరకే తెస్తాయి. తర్వాతి ప్రశ్న: ఆ సిద్ధాంతం అసలు ఓటుకు వచ్చిందా? నా మటుకు రాలేదనే అంటాను. సోషలిస్టులతో చేయి కలిపిన పార్టీ ఆస్తిహక్కు గురించి ఏ గొంతుతో మాట్లాడగలదు? కూటమి ‘ఇందిరా హఠావో’ అంటే ఆమె ‘గరీబీ హఠావో’ అన్నారు. ఇక రాజభరణాల సంగతి, అంటే సంస్థానాలు దేశంలో కలిపిన మాజీ రాజులకు ప్రభుత్వం ఏటా ఇచ్చిన సొమ్ము. రాజ్యాంగంలో రాసిచ్చిన మాటను ప్రభుత్వం తప్పకూడదన్నది నికార్సయిన మితవాద వాదన. 1970 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం చేసిన రాజుల గుర్తింపు రద్దును కొట్టేసింది. కానీ మాజీ సంస్థానాధీశులు నిండిన పార్టీ ఆ మాట అంటే, ఊళ్లో ఓటరుకు వినిపించేది రాజుగారి పింఛనే. రెండెకరాల రైతు హక్కునూ మహారాజు భరణాన్నీ ఒకే గాటన కట్టడమే, నా లెక్కలో, ఆ పార్టీ చేసుకున్న పెద్ద నష్టం.

అభ్యాసం: జనసంఘ్ 1967లో 249 చోట్ల పోటీ చేసి 35 గెలిచింది, ఓట్లు 9.31 శాతం. 1971లో 157 చోట్ల పోటీ, 22 సీట్లు, 7.35 శాతం. పై పద్ధతిలోనే భాగించి చూడండి. గెలుపు నిష్పత్తి ఎంత మారింది? అదే కూటమిలో ఉండి కూడా స్వతంత్ర పార్టీ కన్నా నిలదొక్కుకోవడానికి కారణం ఏమై ఉంటుందో నాలుగు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం 1977 ఫలితాల మీద. ఈ కాగితం దగ్గర ఉంచుకోండి.