వెన్నుపూసకు సిమెంట్ వేయించే ముందు జాగ్రత్తలు

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో నలిగిన వెన్నుపూసలోకి సూదితో సిమెంట్ ఎక్కించే చికిత్స (వెర్టిబ్రోప్లాస్టీ) కోసం అమ్మను చెన్నై తీసుకెళ్తున్నారా? ఇవి చూసుకోండి.

• ఎక్స్‌రే ఒక్కటే చాలదు. పూస ఈమధ్య నలిగిందా, ఎప్పుడో నలిగి అతుక్కుపోయిందా అన్నది ఎంఆర్‌ఐలో ఎముక లోపలి వాపును బట్టి తెలుస్తుంది. పాతదైతే సిమెంట్ వేసినా నొప్పి తగ్గకపోవచ్చు.

• రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే మాత్రల అట్టతో సహా చూపించండి. సొంతంగా ఆపొద్దు, స్టెంట్ ఉంటే అసలే వద్దు.

• జ్వరం, మూత్రంలో మంట ఉంటే దాచకండి. ముందు అది తగ్గాలి.

• బోర్లా పడుకోగలరా? ఆయాసం ఉంటే మత్తు డాక్టర్‌కు చెప్పండి. పూర్తి మత్తు ఇవ్వకపోతే మధ్యలో కాళ్లు కదపమంటారు. అరవం రాని అమ్మకు ఆ మాట తెలుగులో చెప్పే నర్సు ఉన్నారేమో కనుక్కోండి.

• ఈ సిమెంట్ పీఎంఎంఏ అనే ఒక రకం ప్లాస్టిక్. టూత్‌పేస్ట్‌లా ఉండగా సూదితో ఎక్కిస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. పక్కకు కారితే నరాన్ని నొక్కొచ్చు, అరుదుగా ఊపిరితిత్తులకూ చేరొచ్చు. 2009లో వచ్చిన రెండు పరిశోధనల్లో డాక్టర్లు సిమెంట్ వేయకుండా వేసినట్టు మాత్రమే చేసిన రోగులకూ ఇంచుమించు అంతే ఉపశమనం దొరికింది. కాబట్టి "మందులతో కొన్ని వారాలు చూద్దామా?" అని మొహమాటపడకుండా అడగండి.

• కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

• సిమెంట్ ఆ ఒక్క పూసకే. గుల్లబారిన ఎముకలకు డెక్సా (ఎముక సాంద్రత) పరీక్ష, మందులు విడిగా రాయించుకోండి.