రిమెంబర్ అంటే మళ్లీ సభ్యుడు కావడం కాదు

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. ‘రిమెంబర్’కు అర్థం రాయమంటే ఒక పిల్లవాడు ‘మళ్లీ సభ్యుడిగా చేరుట’ అని రాశాడు. నవ్వు వచ్చింది కానీ కొట్టివేయడానికి చెయ్యి రాలేదు. ‘రి’ అంటే మళ్లీ అని వారం కిందట బోర్డు మీద రాసింది నేనే. మెంబర్ అంటే సభ్యుడని వాడికి తెలుసు. నేను నేర్పిన కూడికను వాడు పొల్లుపోకుండా చేశాడు, అంతే.

ఆ రోజు నుంచి ప్రిఫిక్సుల, అంటే మాట ముందు చేరే ఉపసర్గల పట్టిక బట్టీ పెట్టించడం మానేశాను. దాని బదులు పిల్లలతో చేయించిన పనిని, ఇప్పుడు పోటీ పరీక్షలకు చదువుకునే మా వీధి పిల్లలతో చేయిస్తున్న పనిని ఇక్కడ చెబుతాను. కావలసింది 200 పేజీల నోటు పుస్తకం, ప్రతి మాటకూ వ్యుత్పత్తి, అంటే అది ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పే నిఘంటువు ఒకటి.

మొదట ఆ ఉపసర్గ అనే తొడుగు తీసి చూడండి. ‘అన్‌టై’లో ‘అన్’ తీస్తే ‘టై’ మిగులుతుంది. ‘రీరైట్’లో ‘రైట్’ మిగులుతుంది. రెండూ సొంతంగా బతికే మాటలే కాబట్టి కూడిక సరిపోతుంది: ముడి విప్పడం, తిరగరాయడం. ఇప్పుడు ‘రిసీవ్’ తీసుకోండి. ‘సీవ్’ అనే క్రియ ఇంగ్లీషులో లేదు. అది లాటిన్‌లో తయారై, ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించాక ఇటువంటివి మందలుగా వచ్చాయి. వీటిలో ‘రి’కి చాలా చోట్ల ‘వెనక్కి’ అని అర్థం. రిజెక్ట్ అంటే వెనక్కి విసిరేయడం. ఇక ‘రిమెంబర్’ మోసగత్తె. లోపల సభ్యుడున్నట్టు కనిపిస్తాడు గానీ, ఉన్నది జ్ఞాపకాన్ని సూచించే ‘మెమోర్’ అనే లాటిన్ మాట. కూడిక వింతగా తేలితే నిఘంటువు తెరవాలి.

తొడుగు తీశాక ప్రాణం లేనట్టు మిగిలిన ముక్కకే నోటు పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి. ఉపసర్గకు కాదు, ధాతువుకు, అంటే మాట మూలానికి. ఇది మనకు కొత్త పద్ధతి కూడా కాదు. హృ ధాతువు ఒక్కటే. ముందున్న ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ఒకటి తినేది, ఒకటి తిరిగేది, ఒకటి చంపేది, ఒకటి ప్రభుత్వం ఆలస్యంగా ఇచ్చేది! అలాగే ‘డ్యూస్’ పేజీ. లాటిన్‌లో ‘డూకెరె’ అంటే నడిపించడం. లోపలికి నడిపిస్తే ఇంట్రడ్యూస్, వెనక్కి నడిపిస్తే రెడ్యూస్, ముందుకు తెస్తే ప్రొడ్యూస్, దారి తప్పించి పక్కకు తీసుకుపోతే సెడ్యూస్.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘ఫర్’ పేజీ. లాటిన్ ‘ఫెర్రె’ అంటే మోయడం. అవతలికి మోసుకుపోతే ట్రాన్స్‌ఫర్, ఎదురుగా తెచ్చి పెడితే ఆఫర్, మిగతా వాటికంటే ముందు పెట్టుకుంటే ప్రిఫర్. ‘సఫర్’లో ‘సబ్’ దాగి ఉంది: కింద ఉండి మోయడం. ఈ ‘ఫెర్రె’, సంస్కృత ‘భృ’ ధాతువు, ఇంగ్లీషు ‘బేర్’ ఒకే మూలం నుంచి పుట్టినవి. ‘భృ’ నుంచే మన ‘భరించు’ వచ్చింది. కాబట్టి సఫర్ అన్నా భరించడం అన్నా మూలంలో ఉన్నది ఒకే మోత. ఇది చెప్పిన రోజు పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

స్పెల్లింగు తప్పులు పోవాలంటే సంధి చూడండి. ఉత్, చారణ కలిస్తే ఉచ్చారణ; ఉత్, లంఘన కలిస్తే ఉల్లంఘన. లాటిన్ ‘అడ్’ కూడా అచ్చం ఇలాగే పక్క అక్షరంలో కరిగిపోతుంది. అందుకే అలొకేట్‌లో రెండు ఎల్‌లు, అనౌన్స్‌లో మొదట రెండు ఎన్‌లు. ‘కమ్’ అనే ఉపసర్గ కరిగితే కలెక్ట్‌లో రెండు ఎల్‌లు, కరెక్ట్‌లో రెండు ఆర్‌లు. పిల్లలు మరిచిపోయే రెండో అక్షరం ఆ కరిగిపోయిన ఉపసర్గే.

సూపర్‌సీడ్‌ను మాత్రం విడిగా ఎర్ర సిరాతో రాసుకోండి. ప్రొసీడ్, ఎక్సీడ్, సక్సీడ్‌లలో సీ అక్షరం ఉంటుంది. అవి వెళ్లడానికి సంబంధించినవి. సూపర్‌సీడ్‌లో ఎస్ అక్షరం, ఎందుకంటే అది ‘సెదేరె’, అంటే కూర్చోవడం. ఒకరి పైన ఎక్కి కూర్చోవడమన్నమాట. ప్రిసైడ్ అంటే ముందు కూర్చోవడం. ఈ ‘సెదేరె’కు తోబుట్టువు సంస్కృత ‘సద్’. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవారు. నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి, ఆ బోర్డు మీది మాట సంగతి రిటైరవడానికి రెండేళ్ల ముందు తెలుసుకున్నాను.

లాటిన్ కాని పాత ఇంగ్లీషు ఉపసర్గలు కొద్దే, కానీ తికమక పెడతాయి. బ్యాంకులో రోజూ వినే ‘విత్‌డ్రా’లో ‘విత్’కు ‘తో’ అని అర్థం చెప్పుకుంటే ఏమీ పొసగదు. పాత ఇంగ్లీషులో దానికి ‘ఎదురుగా, వ్యతిరేకంగా’ అని అర్థం; ఈ మాటలో ‘వెనక్కి’. విత్‌డ్రా అంటే వెనక్కి లాగడం. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలవడం. మనం కూడా ‘పక్కింటివాడితో గొడవపడ్డాను’ అంటాం. అక్కడి ‘తో’లో స్నేహమేమీ లేదు కదా.

పెట్రోలు ట్యాంకర్ల మీద రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’లోని ‘ఇన్’ను ‘కాదు’ అనుకోకండి. అది ఇన్‌ఫ్లేమ్, అంటే రగిలించు అనే క్రియ నుంచి వచ్చింది. పొరపడితే పోయేది మార్కులే కాదు.

ప్రతి పేజీలో చివరి రెండు గీతలు మీ సొంత మాటకు వదలండి. నా ‘పోన్’ పేజీలో ‘పోస్ట్‌పోన్’ కింద ‘ప్రీపోన్’ ఉంది. ‘పోనెరె’ అంటే పెట్టడం. తర్వాత పెడితే పోస్ట్‌పోన్ అయినప్పుడు ముందు పెడితే ప్రీపోన్ ఎందుకు కాకూడదు? భారతదేశంలో అందరం వాడతాం. మా అమ్మాయి డల్లాస్‌లో ఆఫీసు మీటింగులో ఆ మాట అంటే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మీటింగు మాత్రం ముందుకు జరిగింది.